ఒకే ఎక్సెల్ ఫైల్.. విండోస్‌లో ఒకలా, మ్యాక్‌లో మరోలా, ఫోన్‌లో ఇంకోలా! ఎందుకిలా?

ఆఫీసు కంప్యూటర్‌లో చక్కగా పనిచేసిన ఎక్సెల్ ఫైల్‌ను మ్యాక్‌బుక్‌లో తెరిస్తే బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. లైనక్స్ సిస్టమ్‌లో తెరిస్తే కొన్ని గడుల్లో ఎర్రర్ వస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఫోన్ నంబర్ కాస్తా 9.19ఈ+11 లాంటి వింత సంఖ్యగా కనిపిస్తుంది. ఫైల్ పాడైందని కంగారు పడతారు చాలామంది. నిజానికి ఎక్కువసార్లు ఫైల్‌కేమీ కాదు. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ మారింది, అంతే.

అలాగని తేలిగ్గా వదిలేయడానికి లేదు. జీతాల జాబితా, మార్కుల షీటు, ఫీజు బకాయిలు, ఆస్పత్రి రికార్డులు.. ఇవన్నీ ఇలాంటి ఫైళ్లలోనే ఉంటాయి. అక్కడ ఒక్క అంకె తారుమారైనా ఇబ్బంది పడేది మనుషులే. 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది ఇదే.

15,841 కేసులు ఎక్కడికి పోయాయి?

కరోనా రెండో వేవ్ ఊపందుకుంటున్న రోజులవి. ల్యాబుల నుంచి టెస్టు ఫలితాలు సీఎస్‌వీ ఫైళ్లుగా వచ్చేవి. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వాటిని ఆటోమేటిక్‌గా ఎక్సెల్‌లోకి ఎక్కించేది. అయితే వాడింది పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైల్. అందులో 65,536 రోలకు మించి పట్టవు. ఒక్కో కేసుకు చాలా రోలు పడుతుండటంతో, ఒక్కో ఫైల్‌లో సుమారు 1,400 కేసులే సరిపోయాయి. ఆపైన వచ్చినవన్నీ చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి.

ఫలితం.. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. పాజిటివ్ వచ్చినవాళ్లకు తమ ఫలితం తెలిసింది. కానీ వాళ్లను కలిసినవాళ్లకు ఫోన్ చేసి జాగ్రత్త చెప్పాల్సిన సిబ్బందికి మాత్రం ఆ పేర్లు ఆలస్యంగా అందాయి. ఎవరూ తప్పు అంకె కొట్టలేదు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు డేటా వెళ్లే దారిలో, రెండోదాని కొలత చిన్నదని ఎవరూ చూసుకోలేదు.

2007 నుంచి వస్తున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకం ఫైల్‌లో 10,48,576 రోలు పడతాయి. లిబర్‌ఆఫీస్ కాల్క్‌లోనూ అన్నే. గూగుల్ షీట్స్ లెక్క వేరు. అది రోలను కాకుండా గడులను లెక్కిస్తుంది. ఫైల్ మొత్తానికి కోటి గడులు. 20 కాలమ్‌లు ఉంటే 5 లక్షల రోలకే కోటా అయిపోతుందన్నమాట. మన దగ్గర పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇప్పటికీ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లనే ఇస్తుంటాయి. అలాంటి ఫైల్‌లో చివరి రో నంబర్ సరిగ్గా 65,536 అని కనిపిస్తే.. డేటా అక్కడితో పూర్తయిందని కాదు, తెగిపోయిందని అనుమానించాలి.

అసలు ఫైల్‌లో ఏముంటుంది?

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. అకౌంటెంట్ దగ్గర విండోస్ డెస్క్‌టాప్, అందులో ఎక్సెల్ 2016. ఓనర్ దగ్గర మ్యాక్‌బుక్. ల్యాబులో లైసెన్స్ ఖర్చు లేకుండా ఉబుంటు, లిబర్‌ఆఫీస్. ఫ్యాకల్టీ చేతుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు. ఫీజుల ఫైల్ మాత్రం ఒకటే. రోజూ ఈ నలుగురి మధ్యా తిరుగుతుంది.

ఆ ఫైల్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. మొదటిది డేటా.. పేరు, నంబర్, తేదీ, మొత్తం. రెండోది చూపు.. ఫాంట్, రంగు, కామాలు, తేదీ ఏ పద్ధతిలో కనిపించాలి అన్నది. మూడోది పని.. ఫార్ములాలు, మ్యాక్రోలు, బటన్లు. ఫైల్ ఒక మెషీన్ నుంచి మరోదానికి వెళ్లినప్పుడు డేటా దాదాపు భద్రంగా వెళ్తుంది. చూపు కొంచెం మారుతుంది. పని మాత్రం చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది. గొడవంతా ఈ మూడింటినీ ఒకటే అనుకోవడంతోనే వస్తుంది.

నంబర్లా కనిపించేవన్నీ నంబర్లు కావు

అకౌంట్ నంబర్, ఆధార్, ఫోన్ నంబర్, హాల్‌టికెట్ నంబర్.. వీటితో ఎవరూ కూడికలు, తీసివేతలు చేయరు. కానీ ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు. అంకెలు కొట్టగానే సంఖ్య అనుకుంటుంది. మామూలు గడిలో 11 అంకెలు దాటితే ఈ+11, ఈ+12 అంటూ కుదించి చూపిస్తుంది. ముందున్న సున్నాలను తీసేస్తుంది. 15 అంకెలు దాటితే 16వ అంకె నుంచి అన్నీ సున్నాలు చేసేస్తుంది.

ఈ చివరిదే అసలు ప్రమాదం. కొన్ని బ్యాంకుల అకౌంట్ నంబర్లలో 16 అంకెలు ఉంటాయి. మామూలు గడిలో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. తర్వాత ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. జీతం పడాల్సిన చోట పడదు. గూగుల్ షీట్స్, లిబర్‌ఆఫీస్ కూడా సంఖ్యలను ఇదే తరహాలో దాచుకుంటాయి కాబట్టి మెషీన్ మార్చినా తప్పించుకోలేరు.

12 అంకెల ఆధార్, 91తో మొదలయ్యే ఫోన్ నంబర్ సంగతి కాస్త నయం. కుదించి కనిపించినా లోపల అంకెలన్నీ ఉంటాయి. కాలమ్ ఫార్మాట్‌ను నంబర్‌గా మారిస్తే బయటికొస్తాయి. కానీ అలా కుదించి కనిపిస్తున్నప్పుడే సీఎస్‌వీగా సేవ్ చేస్తే కొంప మునిగినట్టే. సీఎస్‌వీలోకి వెళ్లేది గడిలో పైకి కనిపించేది మాత్రమే. లోపలి అంకెలు అక్కడితో సరి.

మందు ఒక్కటే. డేటా కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. ఒకటి రెండు గడులైతే ముందు సింగిల్ కోట్ పెట్టి కొడితే చాలు. తర్వాత చేద్దాంలే అంటే ఉపయోగం లేదు.

ఇంటి నంబర్ కాస్తా తేదీ అయిపోతే..

మన ఇంటి నంబర్లతో ఇంకో తమాషా ఉంది. 2-4-18 అని కొట్టి చూడండి. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. ఇండియా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 2018 ఏప్రిల్ 2 అవుతుంది. అమెరికా సెట్టింగ్ ఉంటే ఫిబ్రవరి 4. అయ్యో అనుకుని ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే ఇంటి నంబర్ రాదు, ఇండియా సెట్టింగ్‌లో అయితే 43192 అని వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్ తేదీలను లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 ఒకటో రోజు. అక్కడి నుంచి లెక్కపెడితే ఆ తేదీ 43,192వ రోజు.

ఈ దెబ్బకు శాస్త్రవేత్తలే దిగొచ్చారు. మనిషి జన్యువుల్లో కొన్నింటి పేర్లు మార్చ్1, సెప్ట్1 అని ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 అని తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే ఆ పేర్లు మార్చింది. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1. సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. సాఫ్ట్‌వేర్ మారనంటే మనిషి జన్యువు పేరు మారింది! ఈ ఆటోమేటిక్ మార్పును ఆపుకునే సెట్టింగ్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో విండోస్, మ్యాక్ ఎక్సెల్‌లో ఇచ్చింది. ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో ఉంటుంది. పాత వెర్షన్లలో లేదు.

తేదీల తికమక

కోచింగ్ సెంటర్ ఓనర్ మ్యాక్‌బుక్‌ను అమెరికాలో ఉన్న తమ్ముడు పంపాడనుకుందాం. అందులో రీజియన్ యునైటెడ్ స్టేట్స్ అనే ఉంది. ఎవరూ మార్చలేదు. అకౌంటెంట్ ఫీజు గడువుల జాబితాను సీఎస్‌వీగా పంపాడు. అందులో 05/04/2025 అని ఉంది. అకౌంటెంట్ లెక్కలో అది ఏప్రిల్ 5. మ్యాక్ మాత్రం మే 4 అనుకుంటుంది. 18/04/2025ను ఏం చేయాలో దానికి తెలియదు. 18వ నెల లేదు కదా. అందుకే దాన్ని తేదీగా కాకుండా మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది.

అంటే ఒకే కాలమ్‌లో సగం తేదీలు తప్పు నెలకు వెళ్లిపోయాయి, మిగతా సగం తేదీలే కాకుండా పోయాయి. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. గడువు దాటినవాళ్లను ఫిల్టర్ చేస్తే ఫీజు కట్టాల్సిన విద్యార్థి పేరు రాదు, ఇంకా నెల టైమున్న విద్యార్థి తల్లిదండ్రులకు ఫోన్ వెళ్తుంది.

దీన్ని పట్టుకునే చిట్కా సులువైనదే. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే తేదీలు గడిలో కుడివైపు ఆనుకుని ఉంటాయి, అక్షరాలు ఎడమవైపు. కాలమ్‌లో కొన్ని అటు, కొన్ని ఇటు ఉన్నాయంటే తేడా జరిగినట్టే. ఇక నివారణ కావాలంటే.. సీఎస్‌వీలో తేదీని 2025-04-05 అని, సంవత్సరం ముందు వచ్చేలా రాయాలి. ఇలా రాస్తే ఏ దేశం సెట్టింగ్ అయినా ఒకేలా అర్థం చేసుకుంటుంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్‌నే నేరుగా పంపితే ఈ బాధ చాలావరకు ఉండదు. అందులో తేదీ రోజుల సంఖ్యగానే వెళ్తుంది, చూపించే పద్ధతి మాత్రమే మారుతుంది.

మ్యాక్‌తో మరో పాత పేచీ ఉంది. ఎక్సెల్ ముందు వచ్చింది మ్యాక్‌కే, 1985లో. విండోస్‌కు 1987లో వచ్చింది. విండోస్ ఎక్సెల్ రోజుల లెక్క 1900 నుంచి మొదలైతే, అప్పటి మ్యాక్ ఎక్సెల్ 1904 నుంచి మొదలుపెట్టేది. రెండింటికీ తేడా 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు. ఇప్పుడొచ్చే మ్యాక్ వెర్షన్లు కూడా 1900 పద్ధతికే వచ్చేశాయి. కానీ ఏళ్ల కిందటి మ్యాక్ ఫైల్ నుంచి తేదీలు కాపీ చేసి కొత్త ఫైల్‌లో పేస్ట్ చేస్తే, ఉద్యోగి చేరిన తేదీ నాలుగేళ్లు అటూ ఇటూ కావొచ్చు. తేడా సరిగ్గా 1,462 వచ్చిందంటే కారణం ఇదేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

అన్నట్టు, ఎక్సెల్ క్యాలెండర్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే తేదీ కూడా ఉంది. ఆ ఏడాది లీపు సంవత్సరం కాదు. అప్పట్లో మార్కెట్‌ను ఏలిన లోటస్ 1-2-3లో ఉన్న తప్పు అది. ఆ ఫైళ్లతో లెక్క కుదరాలని ఎక్సెల్ కూడా దాన్నే కొనసాగించింది.

తెలుగు అక్షరాలు విరిగిపోతే

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించిన పేర్ల జాబితా వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అను లాంటి పాత ఫాంట్లలో లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిష్ కోడ్‌లకు తెలుగు బొమ్మ తొడిగారంతే. ఫాంట్ లేని చోట బొమ్మ ఊడిపోతుంది. ఫోన్‌లో అయితే ఇక చెప్పక్కర్లేదు. యూనికోడ్‌లోకి మార్చుకోవడం తప్ప దారి లేదు.

యూనికోడ్‌లో ఉన్నా ఫాంట్లు మారతాయి. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ.. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు.. ఆండ్రాయిడ్‌లో నోటో. ఒక్కోదాని వెడల్పు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకచోట ఒక పేజీలో పట్టిన పట్టిక ఇంకోచోట రెండు పేజీలకు పాకుతుంది. ప్రింట్ కోసమైతే పీడీఎఫ్ పంపడమే మేలు.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే తెలుగు చెదిరిపోయి కనిపించడం మరో కథ. అక్కడ ఫాంట్ తప్పేమీ లేదు. అది యూటీఎఫ్-8 ఫైల్ అని ఎక్సెల్ గుర్తించలేదు. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ఆప్షన్‌తో తెరిచి 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. సేవ్ చేసేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోవాలి. లిబర్‌ఆఫీస్ ఈ విషయంలో బుద్ధిమంతురాలు. తెరిచేముందే ఏ కోడింగ్, మధ్యలో కామానా సెమీకోలనా అని అడుగుతుంది.

ఫార్ములాలు ఎంతవరకు వెళ్తాయి?

సమ్, ఇఫ్, కౌంట్‌ఇఫ్, వీలుకప్, ఇండెక్స్, మ్యాచ్.. ఇవి ఎక్కడైనా పనిచేస్తాయి. చిక్కంతా కొత్తవాటితోనే. ఎక్స్‌లుకప్ చాలా సౌకర్యం, నిజమే. కానీ ఎక్సెల్ 2016, 2019లో అది లేదు. 2021 వెర్షన్‌లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. గూగుల్ షీట్స్‌లోకి 2022లో, లిబర్‌ఆఫీస్‌లోకి 24.8 వెర్షన్‌తో 2024లో వచ్చింది. ఓనర్ మ్యాక్‌లో ఎక్స్‌లుకప్ వాడి పంపిన ఫైల్ అకౌంటెంట్ 2016లో తెరిస్తే మొదట విలువ బాగానే కనిపిస్తుంది. ఆ గడిలోకి వెళ్లి ఎంటర్ కొట్టగానే నేమ్ ఎర్రర్ వస్తుంది. అప్పటిదాకా కనిపించింది పాత లెక్క అన్నమాట. నలుగురూ వాడే ఫైల్ అయితే ఇండెక్స్, మ్యాచ్ జంటే ఇప్పటికీ నమ్మకమైనది. కాస్త పొడవే, కానీ ఏ మెషీన్‌లోనూ మొరాయించదు.

గూగుల్ షీట్స్‌కే సొంతమైన ఫార్ములాలు కొన్ని ఉన్నాయి. ఇంపోర్ట్‌రేంజ్ అలాంటిదే. వేరే షీట్ నుంచి డేటాను తెచ్చి పెడుతుంది. అలాంటి షీట్‌ను ఎక్సెల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ చేస్తే చివరిసారి వచ్చిన విలువ అక్కడే గడ్డకట్టి ఉండిపోతుంది. ఇక అది మారదు. పాత బకాయి చూసి కొత్తదనుకునే ప్రమాదం ఇక్కడుంది.

బటన్ నొక్కితే పని జరగాలంటే?

ఇక అసలు విషయానికొద్దాం. స్ప్రెడ్‌షీట్‌కు లేని తెలివిని జోడించడం ఎలా? ఫీజు కట్టగానే రసీదు తయారవ్వాలి, నెలాఖరున బకాయిల జాబితా దానంతటదే రావాలి.. ఇలాంటివాటికి మన దగ్గర ఎక్కువమంది వాడేది వీబీఏ మ్యాక్రో. ఎక్సెల్‌లోకి 1993లో వచ్చింది. విండోస్‌లో దీనికి తిరుగులేదు.

విండోస్ దాటితేనే కష్టాలు. 2008 మ్యాక్ ఆఫీస్‌లో మైక్రోసాఫ్ట్ వీబీఏను ఏకంగా తీసేసింది. గగ్గోలు రేగడంతో 2011 వెర్షన్‌లో మళ్లీ తెచ్చింది. ఇప్పుడు మ్యాక్‌లో వీబీఏ ఉంది. కానీ విండోస్‌లో రాసిన ప్రతిదీ నడవదు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని దారి రాసుకున్న కోడ్‌కు మ్యాక్‌లో ఆ డ్రైవ్‌లే ఉండవు. యాక్టివ్‌ఎక్స్ బటన్లు అక్కడ పనిచేయవు, ఫామ్ కంట్రోల్ బటన్లు పనిచేస్తాయి. విండోస్‌కే ఉన్న డిక్షనరీ లాంటి లైబ్రరీలను పిలిచే కోడ్ ఆగిపోతుంది. ఫోల్డర్‌లో ఫైల్ తెరవాలంటే మ్యాక్ ముందు అనుమతి అడుగుతుంది. కోచింగ్ సెంటర్ రసీదు బటన్ మ్యాక్‌లో కదలకపోవడానికి తొంభై పాళ్లు కారణం వీటిలో ఏదో ఒకటే అయ్యుంటుంది.

బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో, ఫోన్ ఎక్సెల్‌లో వీబీఏ అసలు నడవదు. లిబర్‌ఆఫీస్ కొంతవరకు అర్థం చేసుకుంటుంది. చిన్న మ్యాక్రోలు నడవొచ్చు, పెద్దవాటి మీద ఆశ పెట్టుకోకూడదు. లిబర్‌ఆఫీస్‌కు తన సొంత బేసిక్, పైథాన్ మ్యాక్రోలున్నాయి. అవి విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ ఒకేలా నడుస్తాయి. అయితే అందరి దగ్గరా లిబర్‌ఆఫీస్ ఉండాలి.

ఇంకో మాట. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్‌లో మ్యాక్రో ఉండదు. మ్యాక్రో ఉన్న ఫైల్‌ను ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గానే సేవ్ చేయాలి. మామూలుగా సేవ్ చేయబోతే ఎక్సెల్ హెచ్చరిస్తుంది. చాలామంది చదవకుండా ఎస్ నొక్కేస్తారు. నెలల కష్టం ఆ ఒక్క క్లిక్‌తో మాయం.

గూగుల్ షీట్స్‌లో మ్యాక్రోల స్థానంలో యాప్స్ స్క్రిప్ట్ ఉంటుంది. జావాస్క్రిప్ట్ తెలిస్తే చాలు. గూగుల్ సర్వర్లలో నడుస్తుంది కాబట్టి మీ దగ్గరున్నది విండోసా మ్యాకా అన్న ప్రశ్నే రాదు. రోజూ ఉదయం బకాయిల మెయిల్ పంపించడం లాంటివి కంప్యూటర్ ఆఫ్ చేసి ఉన్నా జరుగుతాయి. అయితే ఒక్కో రన్‌కు ఆరు నిమిషాలే గడువు. స్క్రిప్ట్‌తో పెట్టుకున్న ప్రత్యేక మెనూలు ఫోన్ యాప్‌లో కనిపించవు. దానికో ఉపాయం ఉంది. మెనూ బదులు గడిలో చెక్‌బాక్స్ పెట్టి, అది టిక్ చేయగానే స్క్రిప్ట్ నడిచేలా రాస్తే ఫోన్‌లోనూ పనవుతుంది. ఫ్యాకల్టీ అంతా ఫోన్ల మీదే ఉంటే ఇదే తగిన దారి.

మైక్రోసాఫ్ట్ వైపు వీబీఏకు ప్రత్యామ్నాయంగా ఆఫీస్ స్క్రిప్ట్స్ ఉన్నాయి. బ్రౌజర్‌లోనూ నడుస్తాయి. కాకపోతే సాధారణంగా వ్యాపార, విద్యాసంస్థల లైసెన్స్ కావాలి. ఇంట్లో వాడే ప్లాన్‌తో కుదరకపోవచ్చు.

అసలు మ్యాక్రోనే అక్కర్లేని పనులు చాలా ఉంటాయి. లాంబ్డా అనే ఫంక్షన్‌తో సొంత ఫార్ములాకు పేరు పెట్టుకోవచ్చు. ఉదాహరణకు ఆలస్య రుసుము లెక్కను ఒక్కసారి రాసి, దానికి లేట్‌ఫీ అని పేరు పెడితే షీట్ మొత్తం ఆ పేరుతోనే పిలవొచ్చు. అది కోడ్ కాదు, ఫార్ములానే. మ్యాక్రో హెచ్చరికలు రావు. మైక్రోసాఫ్ట్ 365 ఉన్న విండోస్, మ్యాక్, బ్రౌజర్‌లలో నడుస్తుంది. గూగుల్ షీట్స్‌లోనూ 2022 నుంచి ఉంది. లిబర్‌ఆఫీస్ 24.8లో చేర్చిన కొత్త ఫంక్షన్ల జాబితాలో మాత్రం లాంబ్డా లేదు.

ఫైల్ లోపల కాకుండా బయటి నుంచి పని చేయించడం మరో దారి. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్స్‌ఎల్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. ఎక్సెల్ లేకపోయినా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఫైల్‌ను చదివి రాస్తుంది. వందల ఫైళ్లను కలపడానికి దీన్ని మించింది లేదు. కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఇది ఫార్ములాలను లెక్కకట్టదు, రాస్తుందంతే. పాత ఫైల్‌ను తెరిచి అదే పేరుతో సేవ్ చేస్తే అందులో గీసిన షేపులు పోతాయి. మ్యాక్రోలను ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే అవీ పోతాయి. అందుకే ఫలితాన్ని ఎప్పుడూ కొత్త పేరుతోనే రాయించాలి.

"మ్యాక్రోలు బ్లాక్ అయ్యాయి" అని వస్తే?

ఎర్ర రంగు పట్టీతో ఈ మెసేజ్ 2022 నుంచి ఎక్కువైంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను విండోస్ ఆఫీస్ అప్పటి నుంచి డిఫాల్ట్‌గా ఆపేస్తోంది. బిల్లు, కొరియర్ రసీదు పేరుతో మెయిల్‌లో వచ్చే ఎక్సెల్ ఫైళ్ల మ్యాక్రోల ద్వారా వైరస్‌లు, రాన్సమ్‌వేర్ కంప్యూటర్లలోకి దూరుతుండటమే కారణం. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెడితే మ్యాక్రో ఆన్ చేసుకునే దారి తెరుచుకుంటుంది. కానీ ఆ టిక్ పెట్టేముందు పంపినవాళ్లకు ఒక ఫోన్ కొట్టి నిజంగా వాళ్లే పంపారా అని అడగడం మంచిది. తెలియని నంబర్ నుంచి వచ్చిందైతే తెరవకపోవడమే ఉత్తమం.

ఫోన్‌లో ఎడిట్ చేస్తున్నారా?

వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ను తెరిచి మార్చితే మారేది మీ ఫోన్‌లో ఉన్న కాపీ మాత్రమే. పంపినవాళ్ల దగ్గరున్నది అలాగే ఉంటుంది. నలుగురు నాలుగు కాపీల్లో ఎడిట్ చేసి మళ్లీ గ్రూపులో పెడితే ఫీజు ఫైనల్, ఫీజు ఫైనల్ 2, ఫీజు లేటెస్ట్ అంటూ పేర్లు పెరుగుతాయే తప్ప, ఏది అసలుదో ఎవరికీ తెలియదు. ఫైల్ బదులు వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ లింక్ పంపితే అందరూ ఒకే ఫైల్‌లో రాస్తారు. ఎవరు ఏ గడి మార్చారో వెర్షన్ హిస్టరీలో వెనక్కి వెళ్లి చూడొచ్చు కూడా.

లింక్ పంపేటప్పుడు అనుమతి ఎవరికి ఇస్తున్నారో చూసుకోవాలి. "లింక్ ఉన్న ఎవరైనా" అని పెడితే ఆ లింక్ ఏ గ్రూపుకు ఫార్వర్డ్ అయినా విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు బయటపడ్డట్టే. షీట్‌కు ప్రొటెక్షన్ పెట్టాం కదా అనుకోవడం కూడా పొరపాటు. అది పొరపాటున గడి చెరిగిపోకుండా ఆపడానికే, రహస్యం దాచడానికి కాదు. దాచాలంటే ఫైల్ తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టాలి.

కొత్త ఫైల్‌ను వాడకంలో పెట్టేముందు పది రోల దొంగ డేటాతో ఒక కాపీ తయారుచేసి, నాలుగు మెషీన్లలోనూ తెరిచి చూస్తే సగం తలనొప్పులు అప్పుడే తెలిసిపోతాయి. ఆ పది రోలలో 16 అంకెల అకౌంట్ నంబర్ ఒకటి, సున్నాతో మొదలయ్యే నంబర్ ఒకటి, 13 దాటిన తేదీ ఒకటి, 2-4-18 లాంటి ఇంటి నంబర్ ఒకటి, వత్తులున్న తెలుగు పేరు ఒకటి తప్పకుండా ఉండాలి. మెషీన్లన్నిటిలో పాతది ఏదుందో, దాంట్లో ముందు తెరవండి.